1364 అంటే 1945 అని ఆ వేలం సైటుకు ఎలా చెప్పాలి?

నేను నాణేలు అమ్మే ఆన్‌లైన్ వేలం సైటులో నిన్న రాత్రి నా లిస్టింగ్ మళ్లీ తీసేశారు. అదే నాణెం. హైదరాబాద్ ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చార్మినార్ రూపాయి, హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) 1364, పాలనా సంవత్సరం 35. ఈసారి బిడ్లు కూడా పడ్డాయి. అమెరికా నుంచి ఒకరు, దుబాయ్ నుంచి ఒకరు పోటీపడి ధర పెంచుతుంటే ఫోన్ పట్టుకుని చూస్తున్నాను. ఇంకోసారి పేజీ తెరిచేసరికి లిస్టింగ్ లేదు. మెయిల్లో పాత కారణమే: ఇది పురావస్తువు, భారతదేశం నుంచి ఎగుమతి నిషేధం, అనుమతి పత్రం లేకుండా అమ్మడం కుదరదు.

చట్టం ప్రకారం నాణెం పురావస్తువు కావాలంటే వందేళ్లు నిండాలి. ఈ నాణేనికి వందేళ్లు నిండాలంటే ఇంకా చాలా కాలం ఉంది. హిజ్రీ 1364 మొదలైంది 1944 డిసెంబర్ మధ్యలో. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టు చివర, అంటే హిజ్రీ 1329 రంజాన్ నెల మొదట్లో. కాబట్టి ఆయన పాలనా సంవత్సరం ప్రతిసారీ రంజాన్‌లోనే మారుతుంది. 35వ ఏడు 1364 రంజాన్‌తో ముగిసింది, అది 1945 ఆగస్టు రెండో వారం. నాణెం మీద ఈ రెండు సంవత్సరాలూ ఉన్నాయి గనక ఇది 1944 డిసెంబర్ మధ్య నుంచి 1945 ఆగస్టు లోపు ముద్రించిందని ఎనిమిది నెలల తేడాతో చెప్పొచ్చు. ఇంత కచ్చితంగా వయసు చెప్పే నాణేలు ఎన్ని ఉంటాయి? ఆ సైటు మాత్రం 1364 అన్న అంకె చూసి దీన్ని కాకతీయుల తర్వాతి కాలం నాటిదిగా లెక్కేస్తోంది.

నాకు చట్టం మీద కోపం లేదు, ఇది ముందే చెప్పాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. అందులో పురావస్తువు అంటే ఏమిటో చెప్పే జాబితాలో మొట్టమొదటి మాటే నాణెం. వందేళ్లు నిండిన నాణేన్ని కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన సంస్థ గానీ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. చాలా మంచి చట్టం. అమరావతి స్తూపం పలకలు చాలావాటిని చూడటానికి లండన్ బ్రిటిష్ మ్యూజియం దాకా వెళ్లాల్సి వస్తున్న తెలుగువాళ్లం మనం. ఆ బాధ తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. నా దగ్గరున్న, ఉస్మాన్‌కు ముందు నిజాం మహబూబ్ అలీ ఖాన్ రూపాయిల్లో ఒక్కటి కూడా ఈ గడప దాటదు. నా గొడవంతా చట్టం అనుమతించిన నాణేన్ని కూడా చట్టం పేరు చెప్పి ఆపడం మీదే.

ఇక ఏం జరిగిందో మొత్తం రాస్తాను. సంస్థాన నాణేలు అమ్మేవాళ్లకు ఎవరికైనా పనికొస్తుంది.

మొదటిసారి సంవత్సరం గడిలో 1364 అని పెట్టాను, ఎందుకంటే నాణెం మీద ఉన్న సంవత్సరమే రాయమని ఆ సైటు సూచనల్లోనే ఉంది. ఇరవై నిమిషాల్లో పోయింది. తర్వాత ఆ గడి ఖాళీగా వదిలి, శీర్షికలో మాత్రం హిజ్రీ 1364 అని రాశాను. అది కూడా పోయింది, కాస్త ఆలస్యంగా. అంటే శీర్షికలో నాలుగంకెల సంఖ్య కనబడితే దాన్నే సంవత్సరంగా తీసుకుంటోందన్నమాట. శీర్షికలో 1364, గడిలో 1945 పెట్టి చూశాను. రెండింట్లో పాతదాన్నే నమ్మింది.

అప్పుడు లిస్టింగ్ పెట్టడం ఆపేసి డ్రాఫ్టులతో పరీక్షలు మొదలుపెట్టాను. ఆ సైటులో డ్రాఫ్ట్ సేవ్ చేసేటప్పుడే ఏదైనా నిషిద్ధం అనిపిస్తే పసుపు రంగు హెచ్చరిక వస్తుంది. ఒక్కోసారి ఒక్కటే మారుస్తూ పోయాను. నిజాం అన్న మాట తీసేసినా హెచ్చరిక పోలేదు. సంస్థానం అన్న మాట తీసేసినా పోలేదు. వర్గాన్ని భారతీయ సంస్థానాల నుంచి ఆధునిక నాణేలకు మార్చినా పోలేదు. వెండి అన్న వివరం తీసేసినా అంతే. 1364 తీసి 1945 పెట్టగానే హెచ్చరిక మాయం. మిగతావన్నీ వెనక్కి పెట్టినా రాలేదు. కాబట్టి గొడవ అంకెదే.

నా అనుమానం గట్టిపరచుకోవడానికి ఇంకో రెండు చూశాను. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1945 బ్రిటిష్ ఇండియా రూపాయి ఒకటి పెట్టాను. అదే ఏడు, దాదాపు అదే సైజు. ఏ ఆటంకం లేకుండా అమ్ముడుపోయింది. రెండోది గ్వాలియర్ కాలణా, మాధవరావు సింధియా బొమ్మతో ఉన్నది, విక్రమ శకం 1970. అంటే 1913. ఇది వందేళ్లు దాటిన అసలు పురావస్తువు, ఎగుమతి నిజంగానే నిషేధం. దాన్ని అమ్మే ఉద్దేశం లేదు, డ్రాఫ్ట్‌లో సంవత్సరం 1970 అని మాత్రం పెట్టి చూశాను. హెచ్చరిక లేదు. డ్రాఫ్ట్ వెంటనే చెరిపేశాను గానీ, ఒళ్లు మండింది. ఆపాల్సినదాన్ని వదిలేసి, వదలాల్సినదాన్ని ఆపుతున్న ఈ జల్లెడతో మన వారసత్వం ఏం కాపాడబడుతుంది? శకాల తేడా తెలియని యంత్రానికి భారతీయ నాణేలు అప్పగించారు. మన దగ్గర హిజ్రీ ఉంది, విక్రమ శకం ఉంది, శాలివాహన శకం ఉంది, కచ్ నాణేల మీదైతే విక్రమ శకమూ క్రీస్తు శకమూ పక్కపక్కనే ఉంటాయి. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే ఏడాది అటూ ఇటూగా క్రీస్తు శకం వచ్చేస్తుంది. ఇంత చిన్న లెక్క ఒక వేలం సైటు పెట్టుకోలేదా?

అన్నీ తేలాక చివరి లిస్టింగ్ జాగ్రత్తగా పెట్టాను. గడిలో 1945, శీర్షికలో హిజ్రీ ఊసే లేదు, వివరణలో కూడా అంకెలు కాకుండా రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల నాటిది అని మాటల్లో రాశాను. బరువు 11.1 గ్రాములు, అంచు ఫొటో, రెండు వైపులా ఫొటోలు, చార్మినార్ ద్వారంలో ఐన్ (ఉస్మాన్ పేరులో మొదటి అరబిక్ అక్షరం) స్పష్టంగా కనిపించే దగ్గరి ఫొటో. ఇది పూర్తి రోజు నిలిచింది. బిడ్లు వచ్చాయి. తర్వాత పోయింది.

నిమిషాల్లో పోయినవాటికీ, రోజు నిలిచి పోయిన దీనికీ కారణం ఒకటే కాదనిపిస్తోంది. ధర ఒక హద్దు దాటగానే లిస్టింగ్ రెండో తనిఖీకి వెళ్తుందేమో, ఇది ఒక ఊహ. పోటీదారు ఎవరైనా రిపోర్ట్ కొట్టారేమో, ఇది ఇంకొకటి, కానీ ఈ ధర నాణేనికి అంత శ్రమ ఎవరు పడతారు? నాకు బలంగా అనిపించేది మూడోది. నాణెం పెట్టిన హోల్డర్ మీద నేను అంటించిన లేబుల్ ఫొటోల్లో కనిపిస్తోంది, దాని మీద 1364/35 అని పెద్ద అక్షరాల్లో ప్రింట్ ఉంది. ఫొటోలోని రాతను చదివే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఫోన్లలోనే ఉంది, ఆ సైటుకు లేకుండా ఉంటుందా? నాణెం మీది అరబిక్ అంకెల్ని అది చదివిందనుకోను. లేబుల్‌ను చదివి ఉంటుంది.

అప్పీలు సంగతి వేరే కథ. లెక్క మొత్తం రాసి, హిజ్రీ తేదీల పట్టిక జత చేసి పంపాను. మనిషి చదివిన జాడ లేని జవాబు వచ్చింది. పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఇచ్చే సర్టిఫికెట్ పంపమన్నారు. పైగా ఈలోగా నా ఖాతాలో నెలకు పెట్టగల లిస్టింగుల పరిమితి తగ్గించారు. చట్టంలో ఆ సర్టిఫికెట్‌కు దారి ఉంది, నిజమే. ఒక వస్తువు పురావస్తువా కాదా అన్న ప్రశ్న వస్తే ఆ శాఖ డైరెక్టర్ జనరల్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ చెప్పిందే తుదిమాట. కానీ అచ్చంగా తేదీ రాసి ఉన్న నాణేనికి, రెండు రకాలుగా లెక్క సరిపోయే నాణేనికి, ఆ నిపుణుల సమయం ఎందుకు తినాలి? తేదీ లేని రాతి విగ్రహాలు, పటాలు, తంజావూరు చిత్రాలు వాళ్ల కోసం ఎదురుచూస్తుంటాయి కదా.

ఇంకో నాణెం నన్ను ఇంకో రకంగా సతాయిస్తోంది. కంచు రెండు పైల నాణెం, 1344/15. ఇదే లెక్క దానికి వేస్తే 1925 జులై చివరి వారం నుంచి 1926 మార్చి మధ్య వరకు. 2026 మార్చి దాటాక దానికి వందేళ్లు నిండినట్టే, సందేహానికి తావు లేదు. అంతకు ముందే నిండి ఉండొచ్చు కూడా. కాబట్టి అది అమ్మకానికి లేదు, ఆల్బంలోనే ఉంటుంది. ఈ హద్దు ఏటా ఒక ఏడు ముందుకు జరుగుతుందని కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ఈ రోజు బయటికి పంపగలిగే 1347 నాణెం 2029 నాటికి పంపలేం. డూప్లికేట్లు అమ్మాలనుకుంటే పాతవి ముందు అమ్మేయాలన్నది నా పద్ధతి.

హిజ్రీ 1356 నాటి చదరపు అణాలు ఒక లాట్‌గా ఇక్కడే, మన దేశంలోని సేకర్తకు అమ్ముడుపోయాయి. మంచి ధర.

దేశంలోనే అమ్మితే సరిపోదా అని మా క్లబ్‌లో పెద్దాయన ఒకరు అడిగారు. "బాబూ, బయటివాళ్లకి ఇచ్చేదెందుకు, మనోళ్లే కొంటారు కదా" అన్నారు. నిజమే, పాతవాటికి అదే దారి, ముంబై, బెంగళూరు వేలం సంస్థలు కూడా తమ కేటలాగుల్లో పాత నాణేలు దేశం దాటకూడదని స్పష్టంగా రాస్తాయి. కానీ 1940ల రూపాయిలు ఇక్కడ కుప్పలు. హైదరాబాద్ నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లకు అక్కడ తాతల కాలం హాలీ రూపాయి (నిజాం సంస్థానం సొంత రూపాయి) ఒకటి ఇంట్లో ఉండాలన్న కోరిక ఉంటుంది. వాళ్లలో కొందరు ఏడు హాలీ రూపాయిలకు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయిలు, అన్న లెక్క ఇంట్లో పెద్దల నోట విన్నవాళ్లు. ఆ నాణెం వాళ్లకు చేరడంలో నాకు డబ్బు కంటే ఎక్కువ సంతోషం ఉంది. అందుకే వదలడం లేదు.

గ్రేడింగ్ చేయించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయించమని సలహా ఇచ్చారు కొందరు. ఆ పని చేసే ఎన్‌జీసీ, పీసీజీఎస్ సంస్థలు రెండూ నమ్మదగినవే, కానీ ఈ రూపాయి ధర కంటే ఆ ఖర్చే ఎక్కువ. పైగా వాళ్ల లేబుల్ మీద కూడా హిజ్రీ సంవత్సరమే ముందు ఉంటుంది, అది మళ్లీ అదే యంత్రం కంట్లో పడుతుంది. హోల్డర్ల విషయంలో మాత్రం నేను లైట్‌హౌస్ క్వాడ్రమ్‌కే ఓటేస్తాను. ధర ఎక్కువే, కానీ చౌక పీవీసీ కవర్లలో రెండు వానాకాలాలు గడిస్తే రాగి, కంచు నాణేలకు ఆకుపచ్చ జిగురు పడుతుంది, అసిటోన్‌తో తీసినా కింద మచ్చ ఉండిపోతుంది. మన తేమకు ఆ కవర్లు విషం.

తర్వాత చేయాల్సినవి. పరిమితి మళ్లీ పెరిగాక ఈ రూపాయిని హోల్డర్ లేకుండా, తెల్ల కాగితం మీద పెట్టి ఫొటో తీస్తాను, పాత నికాన్ 60 ఎంఎం మాక్రోతో. ఫోన్ మాక్రోలో అంచు గీతలు మెత్తబడిపోతున్నాయి. అది నిలిస్తే లేబుల్ అనుమానం నిజమైనట్టు. నిలవకపోతే ధర హద్దు ఉందో లేదో చూడటానికి వేలం కాకుండా తక్కువ నిర్ణీత ధరకు ఒక అరరూపాయి పెడతాను. ఏదేమైనా కొనేవారికి పంపే పొట్లంలో హిజ్రీ, క్రీస్తు శకాల లెక్క రాసిన కాగితం ఒకటి పెడతాను, కస్టమ్స్‌లో తెరిచినా ప్రశ్న రాకుండా.

సైఫాబాద్ టంకశాల మ్యూజియానికి కూడా వెళ్లాలి. 1903లో కట్టిన టంకశాల అది, చార్మినార్ నాణేలు పుట్టిన చోటు. అక్కడి అచ్చుల ముందు నిలబడి పాలనా సంవత్సరం అంకె ఏ దశలో మార్చేవారో చూడాలని ఉంది. 1344/15 లెక్క ఇంకా బిగించడానికి అది పనికిరావచ్చు.

సంస్థాన నాణేనికి పురావస్తు శాఖ సర్టిఫికెట్ ఎవరైనా తీసుకుని ఉంటే ఒక్క మాట చెప్పండి: నాణేనికొక దరఖాస్తు అడిగారా, లాట్ మొత్తానికి ఒకటే ఇచ్చారా? ఒకటే అయితే నా 1361 నుంచి 1365 వరకు ఉన్న డూప్లికేట్లన్నీ కలిపి ఒకేసారి పెడతాను.