బంతి ఎంపిక గ్రీన్ దగ్గర మొదలవుతుంది

నెల్లూరు జిల్లా మెట్ట మండలాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు డ్రైవర్లుగానో, మేస్త్రీలుగానో, ఇళ్లల్లో వంటవాళ్లుగానో కుదురుకోవడం అందరూ ఎరిగినదే కనుక, వింజమూరు దగ్గర మా ఊరిలో నా ఉద్యోగం ఏమిటో చెప్పి ఒప్పించడం ఇప్పటికీ తేలిక కాదు. దుబాయిలోని ఒక గోల్ఫ్ క్లబ్బులో మొదట ప్రాక్టీసు రేంజి మీద బంతులు ఏరి కడిగే పనికి చేరాను. తర్వాత అదే క్లబ్బులోని సామాన్ల షాపులో అమ్మకాలకు మారాను. సెలవుకు వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని మా పెదనాన్న అడిగే ప్రశ్న, షాపులోకి వచ్చే లక్షాధికారులు అడిగే ప్రశ్న ఒక్కటే: “ఆ బంతి ఎంత దూరం పోతది?” పెదనాన్న ఆ మాట అడగడంలో ఆశ్చర్యం లేదు. డబ్బు పెట్టి కొనేవారు కూడా అదే అడగడం మాత్రం నాకు నేటికీ వింతగానే ఉంటుంది, ఎందుకంటే దూరం విషయంలో బంతికి హద్దు గీసి చాలా కాలమైంది.

గోల్ఫ్ నియమాలను నిర్ణయించేవి స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ. వాటి లెక్క ప్రకారం బంతి వ్యాసం 1.68 అంగుళాలకు తగ్గకూడదు, బరువు 1.62 ఔన్సులకు, అంటే దాదాపు 46 గ్రాములకు, మించకూడదు. చిన్నదిగా, బరువుగా ఉన్న బంతి గాలిని చీల్చుకుని ఎక్కువ దూరం పోతుంది కాబట్టే వ్యాసానికి కింది హద్దు, బరువుకు పై హద్దు పెట్టారు. దీనికి తోడు, 2004 నుంచి అమలులో ఉన్న పరీక్షలో యంత్రం గంటకు 120 మైళ్ల వేగంతో కొట్టినప్పుడు బంతి 317 గజాలు, సడలింపు కలుపుకుని 320 గజాలు, దాటితే దానికి ఆమోదం లభించదు. 2023 డిసెంబరులో ఆ రెండు సంస్థలు యంత్రం వేగాన్ని 125 మైళ్లకు పెంచి దూరపు హద్దును మాత్రం అక్కడే ఉంచుతామని ప్రకటించాయి. అంటే పెద్ద వేగంతో కొట్టేవారి బంతిని కొంత వెనక్కి లాగుతారన్నమాట. పేరున్న కంపెనీలన్నీ ఈ హద్దు అంచునే బంతులు తయారు చేస్తున్నప్పుడు, వారాంతంలో ఆడే సామాన్య ఆటగాడికి ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ డ్రైవర్ అనే, అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర దెబ్బలో కనిపించే తేడా తన దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే తేడా కన్నా తక్కువే.

అయితే బంతి చరిత్ర అంతా దూరం కోసం పడిన తపనే అని ఒప్పుకోవాలి. పాత స్కాట్లండ్‌లో బంతి అంటే కుట్టిన తోలు తిత్తి. ఎద్దు తోలు ముక్కలను తడిపి కుట్టి, తిరగవేసి, వదిలిన చిన్న సందులోంచి ఉడికించిన పెద్దబాతు ఈకలను, టోపీ నిండా పట్టేన్ని, కూరేవారు. ఆరేటప్పుడు తోలు బిగుసుకునేది, ఈకలు ఉబ్బేవి; ఆ రెండింటి ఒత్తిడితో బంతి గట్టిపడేది. నేర్పరి కూడా రోజుకు మూడో నాలుగో చేయగలిగేవాడు కనుక వాటి ఖరీదు సామాన్యుడికి అందేది కాదు. వానలో తడిస్తే మెత్తబడేది, ఇనుప కర్ర అంచు తగిలితే చినిగేది. సెయింట్ ఆండ్రూస్‌లో పేరుమోసిన తయారీదారు ఆలన్ రాబర్ట్‌సన్ దుకాణంలో 1844లో 2,456 బంతులు చేశారని లెక్క ఉంది.

1848 ప్రాంతంలో గట్టాపర్చా వచ్చి ఆ దుకాణం పునాదులనే కదిలించింది. మలయా అడవుల్లోని ఒక చెట్టు పాలు గట్టిపడితే వచ్చే పదార్థమది. వేడినీటిలో మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, పగిలితే మళ్లీ కరిగించి బంతి చేసుకోవచ్చు. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకు పూత కూడా దానితోనే వేశారు, ఆ గిరాకీకి లక్షలాది చెట్లను నరికేశారు. రాబర్ట్‌సన్ కొత్త బంతిని పగవాడిలా చూశాడు. దానితో ఆడినందుకు తన దగ్గర పనిచేసే టామ్ మారిస్‌తో తెగతెంపులయ్యాయి, మారిస్ 1851లో ప్రెస్ట్‌విక్‌కు వెళ్లిపోయాడు. బంతి చవకై ఆట మామూలు మనుషుల చేతికి అందింది మాత్రం అప్పుడే, అందువల్ల ఈ మలుపు తర్వాత వచ్చిన అన్ని మలుపుల కన్నా పెద్దదని నేను అనుకుంటాను.

గట్టాపర్చా బంతులు కొత్తగా నునుపుగా ఉన్నప్పుడు గాలిలో వంకరగా పోయి త్వరగా పడిపోయేవి, దెబ్బలు తిని గాట్లు పడినవేమో చక్కగా సాగేవి. ఇది గమనించినవారు ముందే సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు, ఆపైన అచ్చులోనే బుడిపెలు పోశారు. ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ 1905లో బుడిపెలకు బదులు గుంటలకు పేటెంటు కోరాడు; నేటి డింపుల్స్ అవే. నునుపు బంతి చుట్టూ పారే గాలి పొర ముందుగానే విడిపోయి వెనుక పెద్ద ఖాళీని మిగులుస్తుంది, ఆ ఖాళీ బంతిని వెనక్కి లాగుతుంది. గుంటలు ఆ పొరను చిన్నచిన్న సుడులుగా కలచివేయడం వల్ల అది బంతిని ఇంకా కొంత వెనుక దాకా అంటిపెట్టుకుంటుంది. లాగుడు దాదాపు సగానికి తగ్గుతుంది. వెనక్కి తిరిగే స్పిన్ బంతిని పైకి ఎత్తుతుంది. ఈ రెండూ లేకపోతే ఎంత బలంగా కొట్టినా బంతి సగం దూరంలోనే కూలుతుంది. సాధారణంగా 300 నుంచి 400 దాకా ఉండే ఈ గుంటల సంఖ్య గొప్పదని అట్టపెట్టె మీద వేసుకునే కంపెనీల మాటకు నేను విలువ ఇవ్వను. వాటి లోతు, అంచు, అమరిక ముఖ్యం.

తర్వాతి మార్పు నాకు బడి రోజుల నుంచీ తెలిసినట్టే అనిపించింది. చిన్నప్పుడు మేము సైకిల్ షాపులో పారేసిన ట్యూబును సన్నని వలయాలుగా కత్తిరించి, ఉండ చుట్టిన కాగితం మీద ఒకదాని మీద ఒకటి సాగదీసి తొడిగి బంతి చేసేవాళ్లం. అది నేలకు కొడితే ఇంటి కప్పు దాటేది. 1898లో అమెరికాలోని ఏక్రన్ ఊరిలో గుడ్‌రిచ్ రబ్బరు కర్మాగారానికి వచ్చిన కోబర్న్ హాస్కెల్ చేసింది కూడా ఇదే సూత్రం: లోపల రబ్బరు గుండు, దాని చుట్టూ బిగించి చుట్టిన రబ్బరు దారం, పైన తొడుగు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. 1902లో హోయ్‌లేక్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో ఆ బంతితో ఆడిన శాండీ హెర్డ్ అనే ఆటగాడు హ్యారీ వార్డన్, జేమ్స్ బ్రెయిడ్‌లను ఒక్క దెబ్బ తేడాతో (ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు) ఓడించాక గట్టాపర్చా పని ముగిసింది. మా క్లబ్బులో ఒక పెద్ద వయసు సభ్యుడు తెచ్చిచ్చిన ఆ రకం పాత బంతిని మేము షాపు వెనుక రంపంతో కోశాము. తొడుగు తెగీ తెగగానే లోపలి దారాలు పటపటమంటూ తెగి, వెంట్రుకల్లా బయటికి చిమ్మి, వేళ్లకు చుట్టుకున్నాయి. అంత బిగువును ఏళ్ల తరబడి లోపల దాచుకుందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇరవయ్యో శతాబ్దమంతా దారపు బంతి మీద బలాటా అనే మెత్తని తొడుగు వేసి పెద్ద ఆటగాళ్లు ఆడారు. స్పిన్ బాగా తిరిగేది, కానీ ఐరన్ అనే ఇనుప కర్ర అంచు సరిగ్గా పడకపోతే తొడుగు చిరునవ్వు ఆకారంలో తెగేది. 1960ల్లో డ్యూపాంట్ కంపెనీ సర్లిన్ ప్లాస్టిక్ వచ్చాక, గట్టి గుండు మీద దాన్ని తొడిగిన రెండు పొరల బంతి సామాన్యుల బంతి అయింది: దూరం పోతుంది, తెగదు, కానీ గ్రీన్ మీద, అంటే రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, ఆగదు. 2000లో ఈ రెండు కులాలూ కలిశాయి. ఆ ఏడాది వేసవిలో టైగర్ వుడ్స్ దారం లేని బంతితో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ను 15 దెబ్బల తేడాతో గెలిచాడు. అక్టోబరులో లాస్ వేగాస్ పోటీలో టైటిలిస్ట్ కంపెనీ ప్రో వీ1 బంతిని ఒక్కసారిగా 47 మంది చేతిలోకి తీసుకున్నారు. గట్టి గుండు, మధ్యలో ఒక పొర, పైన యురేథేన్ అనే మెత్తని ప్లాస్టిక్ పలుచని తొడుగు ఉన్న ఆ నమూనా ముందు దారపు బంతి కొద్ది కాలంలోనే అంగళ్ల నుంచి మాయమైంది.

తొడుగు సంగతి నేను రేంజి మీదే నేర్చుకున్నాను. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. వేసవిలో మా పని ఎక్కువగా దీపాల వెలుగులో, రాత్రి పూట. బోను కట్టిన బండితో బంతులు ఏరి, యంత్రంలో కడిగి, పనికిరానివి వేరు చేసేవాళ్లం. పొట్టి దూరాలకు వాడే వెడ్జ్ కర్ర దెబ్బ తిన్న సర్లిన్ బంతి మీద చిన్న మెరుపు మరక తప్ప ఏమీ ఉండదు. అదే దెబ్బకు యురేథేన్ మీద సన్నని నూగు లేస్తుంది, బొటనవేలితో రాస్తే గరగరలాడుతుంది. కర్ర ముఖం మీది గాట్లు తొడుగును పట్టుకున్నాయనడానికి అదే గుర్తు. పట్టుకుంటేనే స్పిన్, స్పిన్ ఉంటేనే గ్రీన్ మీద ఆగడం.

షాపులోకి ఒకసారి ఒంగోలు వైపు కాంట్రాక్టరు ఒకాయన వచ్చారు. నా యాస పట్టేశారు. “ఏమయ్యా, మన వైపు మాటలాగుందే, ఏ ఊరు?” అన్నారు. “వింజమూరు దగ్గర సార్” అన్నాను. “అయితే మనోడివే. నిజం చెప్పు, అన్నిట్లోకి దూరం పోయేదేదో అదియ్యి” అన్నారు. నేను ఆయనను మూడు రకాల బంతులతో ప్రాక్టీసు గ్రీన్ దగ్గరికి తీసుకుపోయి, ముప్పై గజాల నుంచి అదే వెడ్జ్‌తో కొట్టించాను. సర్లిన్ బంతి పడి, జెండా దాటి, గ్రీన్ అవతలి గడ్డిలోకి దొర్లింది. యురేథేన్ బంతి రెండు గెంతులు వేసి ఆగింది. మూడోది ఈ రెండింటి మధ్య నిలిచింది. తర్వాత, బంతిని రంధ్రంలోకి దొర్లించే కర్ర అయిన పుట్టర్‌తో మూడూ కొట్టి చూడమన్నాను, ఎందుకంటే ఒక రౌండులో, అంటే మైదానమంతా ఒకసారి ఆడి ముగించేలోపు, సగానికి దగ్గరగా దెబ్బలు గ్రీన్ మీదా దాని చుట్టుపక్కలా పడతాయి, చేతికీ చెవికీ నచ్చని బంతితో అక్కడ నమ్మకం కుదరదు. ఆఖరున, “రౌండుకు ఎన్ని పోగొట్టుకుంటారు సార్?” అని అడిగాను. నాలుగైదు నీళ్లల్లో పోతాయన్నారు. డజను 50 డాలర్లు దాటే బంతిని అలా నీటిపాలు చేయడం ఎందుకని, మధ్య ధరలో మెత్తని తొడుగున్నది చూపించాను, ఏది కొన్నా కొన్నాళ్లు అదొక్కటే ఆడమన్నాను. ఆయన నా మాట విని అది తీసుకున్నారు, ఖరీదైనదీ ఒక పెట్టె తీసుకున్నారు. ఆట మొదలుపెట్టే చోటైన మొదటి టీ దగ్గర భాగస్వాములు బంతి మీద పేరు చూస్తారట.

కంప్రెషన్ అంకెను, అంటే బంతి ఎంత గట్టిదో చెప్పే అంకెను, కర్ర ఊపే స్వింగు వేగానికి జత చేసి అమ్మడం మా వ్యాపారంలో పెద్ద మాట. తక్కువ అంకె బంతి మెత్తగా, ఎక్కువ అంకెది గట్టిగా తగులుతుంది. అంతకు మించి సామాన్యుడు దాని వెంట పడనవసరం లేదని నా మాట. ఎండ సంగతి వేరు. వేడెక్కిన రబ్బరు చురుగ్గా ఉంటుంది, వేడి గాలి పలుచన కూడా, కాబట్టి ఆగస్టులో బంతి కొంచెం ఎక్కువ పోతుంది; ఆ గర్వంతో దాన్ని కారు డిక్కీలో రోజుల తరబడి వదిలేసేవారు డిసెంబరులో బంతి తేడాగా ఉందని మా షాపుకే వస్తారు.

కలిగిరిలో ఉండే మా అక్క కొడుకు ఇప్పుడు మరో క్లబ్బులో రేంజి పనికి చేరాడు. చెరువుల్లో మునిగి తీసిన బంతులను రంగు వేసి కొత్తవాటిలా అమ్మే వ్యవహారం అక్కడా ఉందట. “మామా, రంగేసిందని ఎట్టా తెలుస్తది?” అని ఫోనులో అడిగాడు. గుంటల అంచులు చూడమన్నాను: అసలు బంతిలో అంచు పదునుగా ఉంటుంది, పైన మరో పూత పడినదానిలో గుంట అడుగు పూడి అంచు గుండ్రబడుతుంది, అలాంటిది ఎంత మెరిసినా ఎగరడంలో నమ్మలేము. కడిగి, రంగు వేయకుండా, ఉన్నది ఉన్నట్టు అమ్మే పాత బంతి అయితే కొత్తగా నేర్చుకునేవారికి ఇవ్వమన్నాను, నూగు లేచినవాటిని గ్రీన్ పక్క నుంచి చిన్న దెబ్బలు సాధన చేసే చిప్పింగ్ బుట్టలోకి వేయమన్నాను.