తంబూరాతో కలిసే సింథసైజర్: 22 శ్రుతుల ఫైలు, ఒక కీబోర్డు మ్యాపు

తంబూరా ట్రాకు పెట్టుకుని సింథసైజర్‌లో అంతర గాంధారం మీద నిలబడండి. శ్రుతి అలలు అలలుగా ఊగుతుంది. కీబోర్డు గాంధారం షడ్జమానికి 400 సెంట్ల ఎత్తున ఉంటుంది (సెంటు అంటే మామూలు కీబోర్డులో పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు). తంబూరా తీగలోంచి దానంతటదే పలికే గాంధారం షడ్జమం ఫ్రీక్వెన్సీకి 5/4 రెట్లు, అంటే 386.31 సెంట్లు. 2 శ్రుతిలో, అంటే డి మీద, షడ్జమం 146.83 హెర్ట్‌జ్ అయితే దాని అయిదో హార్మోనిక్ (స్వరంలోనే కలిసి మోగే, అయిదు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న నాదం) 734.16. కీబోర్డు గాంధారం 185 హెర్ట్‌జ్, దాని నాలుగో హార్మోనిక్ 740. ఈ రెండూ కలిసి మోగితే సెకనుకు దాదాపు ఆరు బీట్లు. చెవికి వినిపించే ఊగు అదే.

దీన్ని సరిచేయడానికి రెండు చిన్న టెక్స్ట్ ఫైళ్లు చాలు. రెండూ మాన్యుయెల్ ఆప్ డి కౌల్ రాసిన స్కాలా ప్రోగ్రాం ఫార్మాట్‌లోవే. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ రెండూ వీటిని చదువుతాయి. ఇక్కడ చెప్పేది సర్జ్ ఎక్స్‌టీ లెక్కన.

మొదటిది ఎస్‌సీఎల్ (.scl) ఫైలు, స్వరాల పట్టిక. ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే వరుసలను ప్రోగ్రాం పట్టించుకోదు. మిగిలినవాటిలో మొదటి వరుస వివరణ, రెండోది స్వరాల సంఖ్య, ఆపై వరుసకో స్వరం. షడ్జమం 1/1 రాయకూడదు, అది ఉన్నట్టే లెక్క. చివర తారషడ్జమం 2/1 మాత్రం తప్పక ఉండాలి. సంఖ్య 22 అని రాసి, కింద వరుసగా ఇవి: 256/243, 16/15, 10/9, 9/8, 32/27, 6/5, 5/4, 81/64, 4/3, 27/20, 45/32, 729/512, 3/2, 128/81, 8/5, 5/3, 27/16, 16/9, 9/5, 15/8, 243/128, 2/1. ఇరవై రెండు శ్రుతులకు వేరే లెక్కలు కూడా వాడుకలో ఉన్నాయి; తరచుగా కనిపించేది ఇదే.

సెంట్లలో రాయదలిస్తే చుక్క మరిచిపోవద్దు. 702.0 అంటే సెంట్లు. ఉత్త 702 అని రాస్తే ప్రోగ్రాం దాన్ని 702/1 అనే నిష్పత్తిగా తీసుకుంటుంది, స్వరం ఎక్కడో ఆకాశంలో పలుకుతుంది. వివరణ వరుసలో తెలుగు లిపి వద్దు, ఈ ఫార్మాట్ ఐఎస్‌ఓ 8859-1 అక్షరాల కోసం చేసినది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేశాక పేరు చివర టీఎక్స్‌టీ తగులుకుందేమో కూడా చూడండి.

ఈ ఫైలొక్కటే లోడ్ చేస్తే షడ్జమం మధ్య సి మీద కూర్చుంటుంది, తారషడ్జమం 22 మీటల అవతలికి పోతుంది. చేతికి అలవాటైన తెలుపు నలుపు వరస పనికిరాదు. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. అసలు సౌకర్యమంతా రెండో ఫైలులో ఉంది.

అది కేబీఎం (.kbm), మీటల మ్యాపు. మీటల అంకెలు మిడి (కీబోర్డు సంకేతాల పద్ధతి) లెక్కన, మధ్య సి 60. ఇరవై రెండింటిలోంచి పన్నెండు ఏరి అలవాటైన మీటలకే అతికిస్తుంది. వరుసలు ఈ క్రమంలోనే రావాలి: మ్యాపు పరిమాణం 12, మొదటి మీట 0, చివరి మీట 127, షడ్జమం మీట 62, ఫ్రీక్వెన్సీ చెప్పే మీట 62, ఆ ఫ్రీక్వెన్సీ 293.665, తారషడ్జమం ఎన్నో స్వరమన్నది 22. ఆ తర్వాత పన్నెండు వరుసలు, ఒక్కో మీటకు పట్టికలోని ఎన్నో స్వరమో (0 అంటే షడ్జమం): 0, 2, 4, 6, 7, 9, 11, 13, 15, 16, 19, 20. ఇది 2 శ్రుతికి, అంటే షడ్జమం డి మీద. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు 22 ఉండాల్సిన చోట పన్నెండు మీటలు కదా అని 12 రాయడం. అప్పుడు తారషడ్జమం చోట పన్నెండో స్వరం 729/512 పలుకుతుంది, స్థాయి సగానికి కుంచించుకుపోతుంది.

చతుశ్శ్రుతి ధైవతం గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. మ్యాపులోని 16 అంటే 5/3, 884.36 సెంట్లు. షడ్జమంతో చక్కగా కలుస్తుంది. కానీ చతుశ్శ్రుతి రిషభం 9/8 నుంచి చూస్తే ఆ దూరం 40/27, అంటే 680 సెంట్లే. శుద్ధమైన పంచమ దూరానికి 21.5 సెంట్లు తక్కువ. మోహనంలో రి నుంచి ద కు ఎగిరే సంచారాల్లో ఇది తెలిసిపోతుంది. 16 చోట 17 పెడితే ధైవతం 27/16 అవుతుంది, రిషభంతో కలుస్తుంది, షడ్జమంతో మాత్రం కొంచెం ఎడం పడుతుంది. రెండు కేబీఎం ఫైళ్లు దాచుకుని రాగాన్ని బట్టి మార్చుకోవడమే మేలు. మాయామాళవగౌళకు ఈ పేచీ లేదు: 16/15, 5/4, 4/3, 3/2, 8/5, 15/8 ఒకదానితో ఒకటి ముచ్చటగా అమరుతాయి. కాబట్టి మొదటి పరీక్ష సరళీ వరుసలతోనే చేయండి.

పరీక్షకు సైన్ వేవ్ వద్దు. బీట్లు హార్మోనిక్స్ మధ్య పుడతాయి కాబట్టి హార్మోనిక్స్ నిండుగా ఉండే సాటూత్ (రంపపు పళ్ల) వేవ్ కావాలి. స్వరాన్ని అటూఇటూ కదిలించే యూనిజన్, కోరస్, ఆసిలేటర్ డ్రిఫ్ట్ అన్నీ ఆపేయండి. యూనిజన్ డీట్యూన్ పది సెంట్లున్నా ఈ శ్రమంతా వృథా. 50వ మీట (షడ్జమం) నొక్కి పట్టి 54 (అంతర గాంధారం) వాయిస్తే ఊగు పూర్తిగా ఆగాలి. సింథ్ ఒంటరిగా బాగుండి తంబూరాతో ఊగుతోందంటే తంబూరా షడ్జమాన్ని ట్యూనర్‌లో కొలిచి, ఆ అంకెనే రెట్టింపు చేసి 293.665 చోట రాయండి.

ప్రాజెక్టులో నాలుగైదు వాయిద్యాలుంటే వాయిద్యాలన్నిటికీ ఒకే శ్రుతిని అందించే ప్లగిన్, ఆడ్‌సౌండ్ వారి ఉచిత ఎంటీఎస్-ఈఎస్‌పీ మినీని ఒక్కసారే పెట్టి, ఫైళ్లు అందులో లోడ్ చేయవచ్చు. సర్జ్ ఎక్స్‌టీ, పియానోటెక్ లాంటివి దాన్ని అనుసరిస్తాయి. ఆ సదుపాయం లేని ప్లగిన్ మాత్రం పాత శ్రుతిలోనే ఉండిపోతుంది. గాత్రం మీద పన్నెండు స్వరాల పిచ్ కరెక్షన్ ఉంటే తీసేయండి, అది గాంధారాన్ని మళ్లీ 400కే లాగుతుంది.

ఇక గమకాలు. సర్జ్ ఎక్స్‌టీ ట్యూనింగ్ మెనూలో శ్రుతిని మిడి ఇన్‌పుట్ దగ్గర వర్తింపజేయాలా, మాడ్యులేషన్ (పిచ్ బెండ్ లాంటి మార్పులు) తర్వాతా అని రెండు ఎంపికలుంటాయి. తోడి గాంధారం రి, మ ల మధ్య ఊగేది కనుక దానికి ఒక అంకె వెతకడం వ్యర్థం. సాధారణ గాంధారం మీట నొక్కి, పిచ్ బెండ్ పరిధి 2 పెట్టండి. మొదటి ఎంపికలో పిచ్ బెండ్ చక్రం పైకి తోస్తే సరిగ్గా 200 సెంట్లు ఎక్కి 515.64 దగ్గర, శుద్ధ మధ్యమం కన్నా 17.6 సెంట్లు పైన ఆగుతుంది. రెండో ఎంపికలో బెండ్ మీటల లెక్కన కదులుతుంది: పైకి తోస్తే కచ్చితంగా 4/3, కిందికి లాగితే కచ్చితంగా 16/15.