కళ్లకు అడ్డం వచ్చే కడ్డీ

పదకొండు దాటింది. అమ్మ ఎప్పుడో పడుకుంది. నాకే, ఒక ఇనుప కడ్డీ వల్ల, నిద్ర పట్టడం లేదు.

సాయంత్రం అమ్మ వరండాలో కూర్చుని మెడ సాచి సాచి వీధిలోకి చూస్తోంది. ఏమిటమ్మా అంటే, "ఈ పై కడ్డీ సరిగ్గా కళ్లకు అడ్డం వస్తుందే" అంది. టేపు తెచ్చి కొలిచాను. కడ్డీ నేల నుంచి 110 సెంటీమీటర్లు. కూర్చున్న అమ్మ కళ్లూ అంతే ఎత్తు. ఇన్నేళ్లుగా రోజూ చూస్తున్నా, నాకది తట్టనేలేదు.

కొండ మీద వ్యూ పాయింటుకు నేను గీసిన రెయిలింగు కూడా అంతే ఎత్తు. దాని వెనకే బెంచీలు. కొండెక్కి ఆయాసంతో కూలబడిన మనిషికి ఎదురుగా కనిపించేది లోయ కాదు, గొట్టం.

పొద్దున మీటింగులో దీని గురించి ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా అద్దం నేల. నార్వేలోని స్టెగస్టైన్ అనే వ్యూ పాయింటు ఫొటో పెట్టి, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయకు (ఫ్యోర్డు) 650 మీటర్ల ఎత్తున, 30 మీటర్లు గాలిలోకి సాగింది చూడండి, మనమూ అలా వేద్దాం అన్నారు. దాని నేల చెక్కేనండీ, అద్దం చివర అడ్డుగానే ఉంది అన్నాను. వినలేదు. మన కొండది ఖొండలైటు అనే రాయి. ఇక్కడి కంధ గిరిజనుల పేరే పెట్టారు దానికి. ఎండకూ వానకూ పాడైన పైపొర చేత్తో నలిపితే రాలుతుంది. అందులో బోల్టు దింపి మనుషుల్ని గాలిలో నిలబెట్టాలంటారా? 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. అది మరిచిపోయినవాళ్ల మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. అద్దం అన్న మాటే వద్దని గొంతు పెంచాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు శివరాత్రికి నాన్నతో మహేంద్రగిరి ఎక్కాను. 1501 మీటర్లు. పైన గాలికి నిలబడలేక ఏడ్చాను. నాన్న నన్ను భీముడి గుడి రాళ్ల చాటుకు తీసుకెళ్లి, వీపు రాతికి ఆనించి కూర్చోబెట్టారు. ఒక్కసారిగా గాలి ఆగిపోయినట్టయింది. వీపుకు రాయి చల్లగా తగులుతోంది. చొక్కా వాసన, కర్పూరం వాసన. మంచు చీలింది. నాన్న ఏమీ చెప్పకుండా, వేళ్లతో నా గడ్డం పట్టుకుని తూర్పుకు తిప్పారు. దూరంగా గీతలా సముద్రం.

ఆ రాయి లేకపోతే నేను సముద్రాన్ని చూసేదాన్ని కాదు. నేను గీసిన బొమ్మలో ఆ రాయి లేదు. అన్నీ ముందువైపే గీశాను. వెనక ఏమీ లేదు.

ఇందాక, నార్వేలోనే అడవి రెయిన్‌డీర్‌లను చూడటానికి 2011లో స్నోహెట్టా అనే ఆర్కిటెక్టుల సంస్థ కట్టిన గదిని ఫొటోల్లో మళ్లీ చూశాను. బయట తుప్పు రంగు ఉక్కు, లోపల నావలు కట్టేవాళ్లు చెక్కిన పైన్ దూలాలు, పొయ్యి, కొండవైపు అద్దం. వీపుకు చెక్క, ముఖానికి అద్దం. పొద్దున నేను అద్దాన్నే తిట్టాను. తప్పు. అది కాళ్ల కింద ఉంటే వద్దు, గాలికి ఎదురుగా ఉంటే కావాలి. ఆ మాట రేపు నేనే వాళ్లకు చెప్పాలి.

కడ్డీని మాత్రం దించలేను, పిల్లలు పడతారు. బెంచీని వెనక్కి జరిపి రెండు మెట్ల ఎత్తు చేస్తే, వెనక రాతి గోడ కడితే, కూర్చున్నవాళ్ల కళ్లు కడ్డీ పైకి వస్తాయి. గీత గీసి చూశాను, వస్తున్నాయి.

రేపు పొద్దున పెరట్లో ఉన్న రెండు చెక్కలు అమ్మ కుర్చీ కింద పెట్టి చూడాలి.