కాలవ గట్టున కాంక్రీటు గది

ఆదివారం. నాలుగు రోజుల ముసురు తర్వాత ఎండ కాసింది. పులిహోర డబ్బాలో సర్దుకుని ఇక్కడ ఇంగ్లండ్‌లో థీల్ అనే ఊరి దాకా కారులో వెళ్లి, అక్కణ్నుంచి కెన్నెట్ కాలవ గట్టు పట్టుకుని నడిచాం. న్యూబరీ వెళ్లే రైల్లోంచి ఈ కాంక్రీటు గదుల్ని ఎన్నిసార్లు చూశానో. మా గోదావరి కాలవల మీద లాకుల దగ్గర లస్కరుకి గది ఉండేది కదా, ఇదీ అలాంటిదేనేమో అనుకునేదాన్ని.

గార్‌స్టన్ లాకుల దగ్గర దాన్ని దగ్గరగా చూశాను. ఆరు పలకల గది, ఒక్కో పలకకీ సన్నటి కంత. "అమ్మా, ఇది బాత్రూమా?" అన్నాడు మావాడు. వాసన చూస్తే కొందరు అలాగే వాడుతున్నట్టుంది.

పేరు పిల్‌బాక్స్. అంటే మందుబిళ్లల డబ్బీ! సైనికులు లోపల ఉండి కంతల్లోంచి తుపాకులు కాల్చే గది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్ నాటికి ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో తిరిగొచ్చింది గానీ ట్యాంకులూ ఫిరంగులూ ఫ్రాన్స్‌లోనే ఉండిపోయాయి. జర్మన్లు దక్షిణ తీరంలో దిగితే లండన్ దాకా రాకుండా ఆపడానికి, స్వదేశ రక్షణ సేనల అధిపతి జనరల్ ఐరన్‌సైడ్ నదుల్నీ కాలవల్నీ కలుపుతూ ఒక రక్షణ రేఖ గీయించాడు. ట్యాంకులకి కాలవే కందకం. దేశం మొత్తమ్మీద ఇలాంటివి దాదాపు 28,000 కట్టారట, అదీ నెలల్లో. జులైలో ఐరన్‌సైడ్ స్థానంలోకి వచ్చిన జనరల్ బ్రూక్‌కి ఈ గోడల మీద పెద్ద నమ్మకం లేదు. ఆ రేఖ పని మెల్లగా ఆగిపోయింది. జర్మన్లు రానే లేదు.

గోడ మీద చెయ్యి వేస్తే చెక్క నారలు తగిలాయి. పోత పోసినప్పటి పలకల అచ్చు, ముడులతో సహా అలాగే ఉంది. వంగి లోపలికెళ్లాను. మధ్యలో అడ్డుగోడ. లోపలికొచ్చిన తూటా గోడకి తగిలి ఎగిరినా అవతలివాడికి తగలకుండా ఉండటానికట. మూల బీరు డబ్బాలు, సాలెగూళ్లు. కంతలోంచి చూస్తే కాలవ, అవతల మేస్తున్న ఆవులు.

అప్పుడు తట్టింది. రేఖకి ఇవతల ఉన్నవాళ్లకి సరే, దక్షిణం వైపు ఊళ్ల మాటేమిటి? శత్రువు ఇక్కడిదాకా వచ్చాడంటే అవి అప్పటికే పోయినట్టేగా! ఆ ఊళ్లవాళ్లు తెల్లారి లేచి ఈ గోడలు కట్టడం చూసి ఏమనుకుని ఉంటారు?

బయటికొస్తూ నెటిల్స్ అనే మొక్కల మీద చెయ్యి పెట్టాను. మన దురదగొండి లాంటివే. ఇంటికొచ్చినా మంట తగ్గలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. 1942 ఏప్రిల్ 6న జపాన్‌వాళ్లు కాకినాడ మీద బాంబులేసినప్పుడు మా అమ్మమ్మకి పదేళ్లు. ఇత్తడి బిందెలు పెరటి బావిలో పడేసి, రాత్రికి రాత్రి బండి కట్టుకుని పల్లెకి పోయారని చెప్పేది.

"ఆ బిందెలు మళ్లీ తీశారా అమ్మా?"

"రెండు తీశారు. మూడోది దొరకలేదు. బావి పూడ్చేశాం కదే, దాని మీదే మన వంటిల్లు."