ఏ320 సిమ్ లాగ్: 210 దాటకుండా ఎడమ మలుపు

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎయిర్‌బస్ ఏ320తో ఈ వారం నాలుగు టేకాఫ్‌లు, నాలుగూ న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయం రన్‌వే 31 ఎల్ నుంచే. నేల విడిచాక ఎడమకి, కెనార్సీ అనే చోటు వైపు తిరగాలి. మలుపు పూర్తయ్యేదాకా వేగం 210 నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) దాటకూడదని నాకు నేనే పెట్టుకున్న షరతు. విమాన మార్గాల చార్టుల్లో ఇలాంటి పరిమితి కనిపిస్తే చాలు, నాకు టెన్షన్. అందుకే ఈ కసరత్తు.

మొదటిసారి 243 కొట్టింది. ఎఫ్‌ఎంజీసీలో, అంటే రూట్ ఎక్కించే విమాన కంప్యూటర్‌లో, మలుపు తర్వాతి పాయింట్ పక్కన "210/" ఎక్కించాను, మెజెంటా రంగులో కనిపించింది కూడా. తప్పంతా స్పీడ్ నాబ్‌ది, అంటే నాదే. హడావుడిలో దాన్ని బయటికి లాగాను. లాగితే సెలెక్టెడ్ మోడ్, అంటే వేగం పైలట్ చెప్పినంత. ఇక విండోలో తిప్పిన 250 ఎంతో అంతే, రూట్‌లో రాసినది పట్టించుకోదు. లోపలికి నొక్కితేనే మేనేజ్డ్, అంటే వేగం కంప్యూటర్ చూసుకుంటుంది.

ఆ 40 నాట్లకి ఇంత రాద్ధాంతం ఎందుకని లెక్కేశాను. 25 డిగ్రీల వాలుతో, గాలి లేదనుకుంటే, 210 దగ్గర మలుపు వ్యాసార్ధం దాదాపు 1.4 నాటికల్ మైళ్లు. 250 దగ్గర దాదాపు 2. పక్కన కొండో, ఇంకో రన్‌వే దారో ఉంటే ఆ తేడా చిన్నదేం కాదు.

రెండోసారి అలవాటుగా ఫ్లాప్స్ (తక్కువ వేగంలో ఎగరడానికి రెక్కల నుంచి దించే భాగాలు) మొత్తం లేపేశాను. బరువు 72 టన్నులు. గ్రీన్ డాట్ (ఫ్లాప్స్ లేకుండా ఎగిరేటప్పుడు తగ్గకూడని వేగం) లెక్క: బరువుకి రెండింతలు, దానికి 85 కలిపితే 229. 210లో ఉండాలంటే ఫ్లాప్ 1, అంటే ఫ్లాప్స్ మొదటి మెట్టు, ఉంచాల్సిందే. మూడోసారి అలాగే చేశాను, 214 దాకా పోయింది.

10,000 అడుగుల ఎత్తు లోపు 250 నాట్లు అనే మామూలు పరిమితి వేరే సంగతి. అమెరికాలో దాన్ని కంట్రోలర్ కూడా సడలించలేడు. ఐరోపాలో చాలాచోట్ల సడలిస్తారు. 1960 డిసెంబర్ 16న ఇదే న్యూయార్క్ మీద యునైటెడ్ సంస్థ డీసీ-8 విమానం, టీడబ్ల్యూఏ సంస్థ కాన్‌స్టలేషన్ విమానం ఢీకొని 134 మంది చనిపోయారు. ఆ డీసీ-8 మితిమీరిన వేగంతో వచ్చింది, బ్రూక్లిన్‌లో కూలింది. విమానాశ్రయాల దగ్గర వేగానికి కళ్లెం పడింది ఆ తర్వాతే.

నాలుగోసారి 208! సంబరంలో మలుపయ్యాక ఫ్లాప్ 1 తీయడం మరిచాను. ఆటోపైలట్ ఇంకా వేయలేదు, నేనే నడుపుతున్నాను. ఫ్లాప్ 1కి గరిష్ఠ వేగం 230. అది దాటి ఇంకాస్త పోగానే ఓవర్‌స్పీడ్ హెచ్చరిక మోత. "ఏంట్రా ఆ గోల?" అని వంటింట్లోంచి అమ్మ.