రేవును గోడ మీదికి ఎక్కించడానికి ఎనిమిది ఫొటోలు

మా బాబాయి హైదరాబాదులో ఇల్లు కట్టుకుని, హాల్లో 12 అడుగుల గోడను ఖాళీగా వదిలేసి, "దీని నిండా మన రేవు ఉండాలిరా" అని నాకు ఫోను చేశాడు. ఆయనది సఖినేటిపల్లి. నరసాపురంలో చదువుకున్న రోజుల్లో వశిష్ఠ గోదావరిని రోజూ పంటు మీద, అంటే జనాన్నీ బళ్ళనూ ఏరు దాటించే పెద్ద పడవ మీద, దాటినవాడు. నేను పాలకొల్లులో ఉంటాను కనుకా, నా దగ్గర కెమెరా ఉంది కనుకా ఈ పని నా మీద పడింది. ఒక్క సాయంత్రంలో అయిపోతుందనుకున్నాను గానీ నాలుగుసార్లు రేవుకు వెళ్ళవలసి వచ్చింది.

మొదటిసారి ఫోనులో ఉండే పనోరమాతోనే, అంటే పక్కపక్క దృశ్యాలను అతికి ఒకే వెడల్పాటి బొమ్మ చేసే సదుపాయంతోనే, కానిచ్చేద్దామని చూశాను. ఫోను కుడికి తిప్పుతుండగానే బొమ్మ తయారైపోయింది. చిన్న తెర మీద బాగానే ఉంది కానీ పెద్దది చేసి చూస్తే ఏటి మధ్యలో ఉన్న పంటు మూడు ముక్కలుగా కనిపించింది. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. 12 అడుగులంటే 144 అంగుళాలు. అంగుళానికి 150 చుక్కలు ఉంటే తప్ప దగ్గరికెళ్ళి చూసినా నిలవదనుకుంటే, బొమ్మ వెడల్పు 21,600 చుక్కలు, అంటే పిక్సెళ్ళు, ఉండాలి. నా కెమెరా ఇచ్చేది 6000 వెడల్పు, 4000 ఎత్తు. కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఎత్తు 6000 అవుతుంది, ఒక్కో ఫొటో వెడల్పు 4000 అవుతుంది. పక్కపక్క ఫొటోల్లో మూడో వంతుకు పైగా ఒకే దృశ్యం పడేలా చూసుకుంటే, 35 మిల్లీమీటర్ల లెన్సుతో ఎనిమిది ఫొటోలకు సుమారు 140 డిగ్రీల దృశ్యం, కావలసినంత వెడల్పు వస్తాయి. పడవలు కట్టే చోటు నుంచి దిగువ మలుపు దాకా అంతా అందులో పడుతుంది.

రెండోసారి తెల్లవారుజామున వెళ్ళడం నా తెలివితక్కువతనం. నరసాపురం ఏటికి పడమటి గట్టున ఉంది. ఇక్కడ నిలబడి ఆవలి ఒడ్డును చూస్తే సూర్యుడు సరిగ్గా ఎదురుగా వస్తాడు. పైగా కెమెరాను ఆటోలో ఉంచాను. సూర్యుడున్న వైపు తిప్పగానే అది వెలుతురు తగ్గించేది, పక్కకు తిప్పగానే పెంచేది. ఇంటికి వచ్చి అతికితే ఆకాశం వేరువేరు నీలాల గుడ్డపేలికలు కలిపి కుట్టిన బొంతలా ఉంది. అప్పటి నుంచి ఎక్స్‌పోజర్ (లోపలికి వచ్చే వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ), ఫోకస్ మూడింటినీ చేత్తో స్థిరపరిచి, దృశ్యంలో అన్నిటికన్నా వెలుతురు ఎక్కువున్న వైపు చూసి కొలత తీసుకుని, ఆ తర్వాత దేన్నీ ముట్టుకోవడం లేదు. ఆకాశం ముదురు నీలంగా వస్తుందని కొందరు లెన్సుకు పోలరైజర్ అనే వడపోత అద్దం తగిలిస్తారు. ఇంత వెడల్పు దృశ్యానికి అది పనికిరాదు, ఎందుకంటే సూర్యుడికి ఎంత కోణంలో ఉన్నామన్నదాన్ని బట్టి ఒక పక్క నలుపెక్కి మరో పక్క పాలిపోతుంది.

మూడోసారి సాయంత్రం వెళ్ళాను. ఎండ నా వెనక నుంచి పడి సఖినేటిపల్లి కొబ్బరితోటలన్నీ మెరుస్తున్నాయి. స్టాండు నిలబెట్టి మట్టం చూస్తుంటే రేవు దగ్గర కూర్చున్న పెద్దాయన ఒకరు వచ్చి, "సర్వేకి వచ్చారాండీ? ఈసారైనా వంతెన కడతారాండీ?" అని అడిగారు. ఫొటోల కోసమంటే నమ్మలేదు. ఫొటోకి ఇంత సరంజామా ఎందుకన్నది ఆయన అనుమానం.

ఆ రోజు ఫొటోలు అతికాక ఆవలి ఒడ్డు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. కానీ నా ముందు, మెట్ల పక్కన పడవ కట్టే గుంజ నడిమికి విరిగినట్టు వచ్చింది. పై సగం ఒకచోట, కింది సగం రెండు వేళ్ళ ఎడంలో ఇంకోచోట. మొదట తప్పంతా సాఫ్ట్‌వేర్‌దే అనుకున్నాను. నిజానికి తప్పు నేను కెమెరా తిప్పిన పద్ధతిలో ఉంది. బొటనవేలు ముఖానికి ఎదురుగా చాపి ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి చూస్తే వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అదే. స్టాండు మర కెమెరా అడుగున ఉంటుంది. లెన్సు దృశ్యాన్ని చూసే బిందువు దానికి చాలా ముందు ఉంటుంది. అందువల్ల కెమెరా తిరిగిన ప్రతిసారీ ఆ బిందువు కాస్త పక్కకు జరిగి, దగ్గరి వస్తువులు దూరపు వాటి ముందు నుంచి తప్పుకుంటాయి. ఆవలి ఒడ్డు అంత దూరాన ఉంది కనుక దానికి తేడా తెలియదు; మూడు గజాల్లో ఉన్న గుంజకు తెలుస్తుంది. ముందు ఏమీ లేని దృశ్యమైతే చేత్తో పట్టుకుని తీసినా నడిచిపోతుంది. బాబాయికి మాత్రం గుంజా, మెట్లూ రెండూ కావాలి.

దీనికి దుకాణాల్లో దొరికే సామాను నా తాహతుకు మించింది. మా వీధి వడ్రంగి చేత రెండు టేకు ముక్కలను లంబకోణంలో బిగించి, అడుగు ముక్కలో కెమెరాను వెనక్కీ ముందుకీ జరపడానికి పొడవాటి గాడి తీయించాను. స్టాండు మరకు ఇనుప సామాను కొట్లో దొరికే పావంగుళం బోల్టు చక్కగా సరిపోయింది. ఇంటి అరుగు మీద కొబ్బరి ఈనెను ఒక మట్టి ముద్దలో నిలబెట్టి, అది వీధి చివర కరెంటు స్తంభానికి సరిగ్గా అడ్డం వచ్చేలా కెమెరా పెట్టి, దాన్ని ఎడమకూ కుడికీ తిప్పి చూశాను. ఈనె స్తంభం మీద నుంచి పక్కకు జరిగితే కెమెరాను అర సెంటీమీటరు వెనక్కి లాగి మళ్ళీ తిప్పాను. ఇలా పదీ పదిహేనుసార్లు చేశాక, ఎటు తిప్పినా ఈనె స్తంభాన్ని వదలని చోటు దొరికింది. అక్కడ టేకు మీద పెన్సిలుతో గీత గీశాను. ఆ లెన్సుకు ఆ గీత ఇక మారదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నిజంగా తృప్తినిచ్చింది ఈ గంటసేపే.

నాలుగోసారి తీసినవి నిలిచాయి. ఎనిమిది ఫొటోల వరుసను ఒక్కసారి కాకుండా ఐదుసార్లు తీసుకున్నాను, ఎందుకంటే పంటు, మనుషులు, నీటి మీద తేలే గుర్రపుడెక్క, ఇవేవీ మన కోసం ఆగవు. అయితే ఒక వరుసలో నచ్చని ఫొటో బదులు చాలాసేపటి తర్వాత తీసిన వరుసలోది పెడదామంటే కుదరలేదు. సముద్రం దగ్గర కావడంతో పోటు వచ్చి, ఈలోగా అడుగు మెట్టు ఒకటి నీళ్ళలో కలిసిపోయింది.

అతకడానికి హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాను. హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ఆచార్యుడు 1998లో మొదలుపెట్టిన పనోరమా టూల్స్ దీనికి పునాది. రెండు ఫొటోల్లోనూ పడిన ఒకే బిందువులను అది వెతికి జతలు కడుతుంది, ఆ జతలను బట్టి ఫొటోలు ఒకదానికొకటి ఎంత తిరిగి ఉన్నాయో లెక్కిస్తుంది. చిక్కేమిటంటే, కొబ్బరాకు కొసల మీదా, అలల మెరుపు మీదా, గుర్రపుడెక్క మీదా కూడా అది అంతే నమ్మకంగా జతలు కట్టేస్తుంది. నీటి మీద పడిన జతలన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేసి, ఆవలి ఒడ్డున ఇళ్ళ మూలల మీదా, ఇవతల మెట్ల అంచుల మీదా నేనే చేత్తో పెట్టాను. జతల్లోని బిందువుల మధ్య సగటు తేడా తొమ్మిది పిక్సెళ్ళ నుంచి ఒకటి లోపుకు దిగింది. నిలువు గీతలుగా స్తంభాలను చూపిస్తే తప్ప నీటి అంచు అలలా వంకరపోతూనే ఉంది.

అతుకుల దగ్గర రంగులు కలిపే పని ఎన్‌బ్లెండ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌ది. బర్ట్, ఆడెల్సన్ అనే పరిశోధకులు 1983లో చెప్పిన పద్ధతి అది. ఆకాశపు ఛాయలాంటి పెద్ద మార్పులను వెడల్పుగా కలిపి, ఆకుల అంచులాంటి సన్నని వివరాలను చాలా ఇరుకైన చోటులో కలుపుతుంది. అందుకే ఆకాశంలో గీత పడదు, ఆకు రెండుగా కనిపించదు. కానీ అతుకు ఎక్కడ నుంచి పోవాలన్నది దానికి పూర్తిగా వదిలేస్తే పంటు నడుమ నుంచి పోనిచ్చింది. పంటు మొత్తం పడిన ఒక్క ఫొటోలో దాని చుట్టూ ఉంచమని గీత గీసి, పక్క ఫొటోలో దాని సగం భాగాన్ని తీసేయమని గీత గీశాక అది ఒకటే పంటుగా మిగిలింది.

చిన్న నమూనా వాట్సాప్‌లో పంపాను. అరగంటకు బాబాయి ఫోను: "పంటు బాగుందిరా. కానీ మన మెట్లు ఎప్పుడైనా ఇలా వంగి ఉన్నాయా?" తెర మీద అతుకుల వెంటే పడిన నేను అది చూడనే లేదు. 140 డిగ్రీల దృశ్యాన్ని బల్లపరుపుగా పరిస్తే అంచులు విపరీతంగా సాగిపోతాయి కనుక, దృశ్యాన్ని గొట్టం లోపలి గోడకు అంటించి తర్వాత విప్పి పరిచినట్టుండే స్తూపాకార పద్ధతి ఎంచుకున్నాను. అందులో నిలువు గీతలు నిటారుగానే ఉంటాయి, కంటి మట్టంలో ఉన్న అవతలి ఒడ్డూ తిన్నగానే ఉంటుంది, మట్టానికి కింద ఉన్న మెట్లు మాత్రం వదులుగా కట్టిన దండెం తీగలా మధ్యలో దిగి కొసల్లో లేస్తాయి. మెట్లు కత్తిరించేస్తానంటే ఒప్పుకోలేదు. "వాటి మీద కూర్చునేగా పంటు కోసం చూసేవాళ్ళం" అన్నాడు. ఇంకో రెండు రాత్రులు కూర్చుని, 18వ శతాబ్దపు రోమ్ చిత్రకారుడు పనీని పేరు పెట్టిన పద్ధతికి మార్చాను. అందులో కింది భాగపు అడ్డగీతలను సరిచేసే సదుపాయం ఉంది. మెట్లు తిన్నబడ్డాయి. దానికి బదులుగా రెండు కొసల్లోని కొబ్బరిచెట్లు కాస్త లావెక్కాయి, బొమ్మ ఎత్తు రెండున్నర అడుగులకు తగ్గింది. అది ఆయనకు సమ్మతమే.

కాన్వాసు మీద అచ్చు వేయించి బస్సులో చుట్టగా పట్టుకెళ్ళాను. గోడకు బిగించాక బాబాయి చాలాసేపు దూరం నుంచి చూసి, దగ్గరికి వచ్చి కింది నుంచి మూడో మెట్టు మీద వేలు పెట్టి, "నా చోటు ఇది" అని పిన్నికి చూపించాడు. నాలుగో ఫొటో, ఐదో ఫొటో కలిసేది సరిగ్గా అక్కడే. రెండుసార్లు పడిన గుర్రపుడెక్క దుబ్బును తీసేసింది కూడా ఆ మెట్టు పక్కనే.