మన ల్యాబు ప్రింటరు, ప్రింట్‌క్యాప్ ఫైలు

మన ల్యాబులో యూనిక్స్ యంత్రాలన్నిటికీ ప్రింటరు ఒక్కటే. అది ఒక యంత్రానికి తగిలించి ఉండేది, మిగతావి నెట్‌వర్క్ మీదుగా దానికి పంపేవి. బర్కిలీ యూనిక్స్ వాళ్ల ఎల్‌పీడీ అనే, వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాము ఆ పని చూసుకునేది. ఆ పద్ధతే 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ పత్రంగా నమోదైంది, దాని నెట్‌వర్క్ పోర్టు 515.

ఏర్పాటంతా ఈటీసీ డైరెక్టరీలోని ప్రింట్‌క్యాప్ ఫైల్లోనే. ప్రింటరున్న యంత్రంలో ఎల్‌పీ అనే గుర్తు దగ్గర ప్రింటరు తగిలించిన పోర్టు పేరు, ఎస్‌డీ దగ్గర స్పూల్ డైరెక్టరీ (అచ్చుకు పంపినవి వేచి ఉండే చోటు) రాస్తాం. పంపే యంత్రాల్లో ఆర్‌ఎమ్ దగ్గర సర్వరు పేరు, ఆర్‌పీ దగ్గర అక్కడి క్యూ పేరు. వాటిలో ఎల్‌పీని ఖాళీగానైనా రాసి తీరాలి. అసలు రాయకపోతే ప్రింటరు తన దగ్గరే ఉందనుకుని ఎల్‌పీడీ సొంత పోర్టు తెరవబోతుంది. పంపే యంత్రంలోనూ స్పూల్ డైరెక్టరీ కావాలి, జాబు, అంటే అచ్చుకు పంపిన పని, ముందు చేరేది అక్కడికే. దాని యజమాని డీమన్ అనే ఖాతా, అనుమతులు 770 (యజమానికీ, అతని గుంపుకీ మాత్రమే).

ప్రింట్‌క్యాప్‌లో కింది పంక్తి కూడా ఇందులో భాగమేనని చెప్పే, పంక్తి చివరి బ్యాక్‌స్లాష్ తర్వాత ఒక్క ఖాళీ పడినా ప్రింటరు వివరాలు అక్కడితో తెగిపోతాయి. కంటికి కనబడదు. వీఐ ఎడిటరులో సెట్ లిస్ట్ ఆదేశం కొడితే ప్రతి పంక్తి చివరా డాలరు గుర్తు వస్తుంది. బ్యాక్‌స్లాష్‌కు ఆనుకునే డాలరు ఉండాలి.

స్పూల్ డైరెక్టరీలోకి తొంగిచూస్తే ప్రతి జాబుకూ సీఎఫ్‌తో మొదలయ్యే ఫైలొకటి, డీఎఫ్‌తో మొదలయ్యేది కనీసం ఒకటి ఉంటాయి. డీఎఫ్‌లో ఉన్నది అచ్చు కావలసిన సరుకు. సీఎఫ్‌లో ప్రతి పంక్తికీ మొదటి అక్షరమే ఆదేశం: హెచ్ అంటే పంపిన యంత్రం, పీ అంటే పంపిన మనిషి, యూ అంటే అచ్చయ్యాక తుడిచేయాల్సిన ఫైలు. ఇది చదవడం వస్తే జాబు ఎక్కడ ఇరుక్కుందో సగం తెలిసినట్టే.

అనుమతి లేదని సర్వరు తిప్పికొడితే సర్వరులో, పంపే అనుమతి ఉన్న యంత్రాల పేర్లుండే హోస్ట్స్ డాట్ ఎల్‌పీడీ ఫైలు చూడాలి. పంపే యంత్రం పేరు అందులో ఉన్నా, ఐపీ చిరునామాను వెనక్కి వెతికితే వచ్చే పేరుతో కలవకపోతే లాభం లేదు. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ రాసేస్తే గొడవ వదులుతుంది.

అక్షరాలు మెట్లు మెట్లుగా కుడివైపు జారిపోతే కారణం వేరు. యూనిక్స్ పంక్తి చివర లైన్‌ఫీడ్ (కింది పంక్తికి దిగమనే గుర్తు) ఒక్కటే పంపుతుంది, ప్రింటరు క్యారేజ్ రిటర్న్ (ఎడమ అంచుకు రమ్మనే గుర్తు) కూడా అడుగుతుంది. ప్రింట్‌క్యాప్‌లో ఐఎఫ్ దగ్గర దాన్ని చేర్చే ఫిల్టరు ప్రోగ్రాము పెట్టాలి.

పెద్ద బొమ్మల ఫైలు చివర తెగిపోతుంటే ప్రింట్‌క్యాప్‌లో ఫైలు సైజు హద్దు చెప్పే ఎమ్‌ఎక్స్ చూడండి. మామూలు హద్దు 1000 బ్లాకులు, 0 ఇస్తే హద్దు పోతుంది. జాబు పంపే ఎల్‌పీఆర్ ఆదేశం చదివేది తనున్న యంత్రంలోని ప్రింట్‌క్యాప్‌నే కాబట్టి సర్వరులో ఒక్కచోట మారిస్తే చాలదు.

ఇప్పుడు యూనిక్స్ తరహా యంత్రాల్లో దాదాపు అంతటా కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ, పోర్టు 631. పాత యంత్రాల కోసం అందులోని కప్స్-ఎల్‌పీడీ ప్రోగ్రాము 515 మీద జాబులు అందుకుంటుంది. కానీ కప్స్‌లో పెట్టిన అనుమతుల హద్దులు దానికి వర్తించవు. ఫైర్‌వాల్‌లో విడిగా కట్టడి చేయాలి.